ఊచల మగ్గం

మొన్న మా మనవరాలు తాను చేసిన శిల్పం చూపిస్తానని హైదరాబాదులో ఒక ప్రదర్శనకు తీసుకుపోయింది. శిల్పమంటే రాతిబొమ్మే అనుకొని కళ్ళజోడు తుడుచుకొని మరీ చూద్దును కదా, హాలు నడుమ తుప్పుపట్టిన ఇనుప ఊచలు నిలబెట్టి, వాటికి నారాయణపేట చీర పీలికలు చుట్టి, మధ్యన ఎర్రటి నూలు పడుగు, అంటే నేతలో నిలువు పోగులు, లాగి కట్టి ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గనుక ఏదైనా సరే మెచ్చుకుందామనే పోయాను గానీ, దాన్ని చూశాక మెచ్చుకోవడం మరిచి దగ్గరికి నడిచాను. దాని చిన్నప్పుడు అన్నం తినిపిస్తూ చెప్పిన మా అమ్మ మగ్గం ముచ్చట, ముద్ద మింగకుండా ఉండడానికే వింటోందనుకున్నాను గానీ, దాని మనసులో అలాగే ఉండిపోయిందన్నమాట.

నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. నూలు దొరకక నారాయణపేటలో మా గుంటమగ్గం ఆగిపోతే నాయిన అక్కడికి కూలికి బయలుదేరాడు, వెంట అమ్మా నేనూ. ఒక పడుగు నేయడం అయిపోగానే పోగులన్నీ కోసేయడం మా ఇళ్ళలో లేదు. పోగులను వరుసగా పట్టి ఉంచే అచ్చులో జానెడు పోగులు మిగిల్చి, వేళ్ళకు బూడిద అద్దుకొని, కొత్త పడుగును వాటికి ఒక్కొక్క పోగుగా మెలిపెట్టి అతుకుతారు. అలా మా నాయనమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, ఆమె కాపురానికి వచ్చిననాటి పడుగుతో మా పడుగుకు చుట్టరికం తెగలేదు. ఆ అచ్చును బట్టలో చుట్టి కోడలి చేతిలో పెడుతూ అవ్వ ఒక్కటే చెప్పింది. "పురుగు గొట్టకముందే అతుకు బిడ్డా. గివి తెగినయంటే మనింట్ల మల్ల మగ్గం కూసోదు."

తీరా అక్కడికి పోయి, మా రేకుల పాకలో మగ్గం గుంట కోసం నాయిన గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి తప్ప మట్టి లేవలేదు. అంతా బండే. అమ్మ ఆ మూట ఒళ్ళో పెట్టుకొని దిగాలుగా కూర్చునేది. అక్కడే వెల్డింగు పని చేసే మా మేనమామ చెల్లెలి ముఖం చూడలేక, పనికిరాని ఊచ ముక్కలు మేస్త్రీని అడిగి తెచ్చి, గుంట అవసరం లేని మగ్గమొకటి అతికి ఇచ్చాడు. "గిది మగ్గమా బావా, కోళ్ళగూడా?" అని నాయిన ఎగతాళి చేశాడు గానీ, లోపల ఆయనకూ సంబరమే.

నాయిన కూలి డబ్బులు కూడబెట్టి తెచ్చిన నూలుతో అమ్మ ఓపికగా పోగులు అతికి, గంజి పెట్టింది. పాకల మధ్య ఆరబెట్టే జాగా లేక, కర్రమగ్గం అలవాటున, తడి పడుగును ఊచల మీదనే వదిలేసింది. తెల్లవారి చూస్తే సరిగ్గా అతుకుల మీదుగా తుప్పు మరక! తుప్పు తిన్న పోగు నిలవదని పక్కపాకల వాళ్ళు తేల్చేశారు. అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది, అదివరకు ఆమె కంట తడి నేను చూడలేదు. ఆ తరువాత ముఖం కడుక్కొని, ట్రంకుపెట్టెలోంచి తన పెళ్ళినాటి చీర తీసి పీలికలుగా చించి, పిల్లల దెబ్బలకు కట్టు కట్టినంత మెత్తగా ఊచలన్నిటికీ చుట్టింది. మేము ఊపిరి బిగబట్టి చూస్తుండగా నేత మొదలుపెట్టింది. పోగులు నిలిచాయి.

అలా నేసిన కొత్త చీర కొంగున తుప్పు గీత అలాగే ఉండిపోయింది. అవ్వ మాత్రం దాన్నే కట్టుకొని నారాయణపేట వీధులన్నీ తిరిగింది. ఎవరన్నా అడిగితే "మరక గాదు, మా కోడలి గుర్తు" అని దబాయించేది.

అమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మగ్గం ఆడింది. తరువాత మేమంతా తలో ఉద్యోగంలో పడ్డాం, చీరలు దుకాణంలో కొనుక్కున్నాం, అచ్చు ఏమైందో కూడా ఎవరం పట్టించుకోలేదు. ఒకప్పుడు ఒంటికి కట్టుకున్న నేత ఇప్పుడు "ముట్టుకోరాదు" అనే బోర్డు వెనక నిలబడింది కదా అని దిగులు పడుతుంటే, మనవరాలు ఆ బోర్డును పక్కకు జరిపి, వేలాడుతున్న పోగుల కింద బూడిద సాసరు పెట్టింది.

"గీ అతుకు నాకొస్తలేదు అమ్మమ్మా, జర చూపియ్యి."

వేళ్ళకు బూడిద అద్దుకొని నేను అతికిన పోగు తెగిపోయింది. నన్ను చూసి మనవరాలు అతికింది నిలిచింది.