రైల్లో పెట్టిన చెనక్కాయ గుర్తు

మహిమలు, గాలీ ధూళీ అంటే నాకు నవ్వు. నల్లమాడలో పంపుసెట్ల అంగడి నడుపుతున్నాను. నీళ్లెక్కడున్నాయో మిషను పెట్టి చూడాలి గానీ అరికాళ్లతో కనిపెట్టడమేమిటని మా నాయనతోనే వాదించేవాణ్ణి.

ఆయన పని అదే. బోరు వేయాలనుకున్న రైతు పిలిస్తే చెప్పులు విడిచి చేనంతా నడుస్తాడు. అడుగున నీళ్లుంటే అరికాళ్లు జిల్లుమంటాయట. అక్కడ మడమతో గీత గీస్తాడు. పక్కనున్నవాళ్లు వెంటనే దాని మీద రాయి పెట్టాలి, లేకుంటే గుర్తు చెల్లదంటాడు.

నిరుడు మా అక్క చేనులో ఆయన చూపిన రెండు చోట్లా బోరు వేస్తే దుమ్మే లేచింది. ఊళ్లో ఎవరో మోసగాడన్నారు. ఆ మాటకు ఆయన కుంగిపోయాడు. అక్క మూడో బోరుకు చోటు చూపమని బతిమాలినా కదల్లేదు. వాదంలో నేనే గెలిచినట్టు, కానీ ఆయన్ని అలా చూడలేకపోయాను.

అప్పుడే, పంపులు బాగా అమ్మిన డీలర్లను కంపెనీ జపాన్ తీసుకుపోయింది. జతగా ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. నా భార్యకు విమానమంటే దడ. నాయన్ను తీసుకెళ్లాను.

హకాటా నుంచి హిరోషిమాకు బుల్లెట్ రైలెక్కాం. పట్టపగలు. కొత్త బూట్లు కరుస్తున్నాయని నాయన విప్పేసి, వేయించిన చెనక్కాయలు వలుచుకుంటూ కూర్చున్నాడు. దారిలో సొరంగాలు వచ్చాయి, పోయాయి. ఆయన పట్టించుకోలేదు.

కొకురా స్టేషన్ దాటి ఇంకో సొరంగంలో దూరిన కాసేపటికి నమలడం ఆపాడు.

"రేయ్ సీనా, కాళ్లు జిల్లుమంటాండాయిరా. నీళ్లుండాయి."

"కొండలో పోతాండాము నాయనా."

"కాదప్పా. శానా నీళ్లు. కింద కాదురా, నెత్తి మీదుండాయి! ఉప్పు నీళ్లు, దేనికీ పనికిరావు."

డీలర్లంతా గొల్లుమన్నారు. ఆయన లేచి నడవాలో మడమతో గీత గీసి, రాయి పెట్టమన్నాడు. రైల్లో రాయి యాడ తెచ్చేది? ఒక చెనక్కాయ పెట్టాను. అటుగా వచ్చిన రైలు ఉద్యోగిని మాకు వంగి దండం పెట్టి, దాన్ని ఏరుకుని పోయింది. కడుపుబ్బా నవ్వుకున్నాం.

ఎందుకు నవ్వుతున్నారని మా గైడు వచ్చి అడిగాడు. ఇంగ్లీషులో చెప్పాను. అతని మొహంలో నవ్వు పోయింది. మేమిప్పుడు దాటింది రెండు దీవుల మధ్య సముద్రం అడుగున తవ్విన సొరంగమట. మిగతావన్నీ కొండల్లోవేనట. ఆ సంగతి ముందుగా ఎవరికీ చెప్పలేదని ఒట్టేశాడు. కిటికీలో చీకటి తప్ప ఏమీ కనబడలేదు. నాయనకు ఇంగ్లీషూ రాదు, చదువూ రాదు.

నేను తెలుగులో చెప్పగానే ఆయన కళ్లు నిండాయి.

"అయితే నేను మోసగాణ్ణి కాదు కదరా?"

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ తర్వాత ఎన్నో సొరంగాలు వచ్చాయి. నాయన హాయిగా గురక పెట్టాడు.

ఇంటికొచ్చిన వారానికే అక్క చేనులో చెప్పులు విడిచాడు. రెండించుల నీళ్లు పడ్డాయి. మూడోసారికి ఎవరికైనా పడతాయని దాన్ని కొట్టిపారేయొచ్చు. రైలు సంగతే కొట్టిపారేయలేకుండా ఉన్నాను. అంత వేగంలో, అంత ఇనుము మీద, ఆయనకెట్లా తెలిసింది?

మొన్న ఉండబట్టలేక ఆయన్నే అడిగాను.

"నాకేం తెల్సురా? కాళ్లకు తెల్సినాది," అన్నాడు.