మూఢంలో కొట్టిన మేకు

కంపెనీ రిజిస్టరైనట్టు మెయిల్ వచ్చిన రోజు మా అమ్మ ఆ సర్టిఫికెట్ ఉన్న ఫోన్‌ను దేవుడి పటాల ముందు పెట్టి దీపం వెలిగించింది. డైరెక్టర్లం మేమిద్దరమే, అమ్మా నేనూ. నాన్న పోయాక కొత్తవాడలో మా ఇంటి మగ్గాలు ఆగిపోకూడదని పట్టుబట్టి చేసిన పని అది. హైదరాబాద్‌లో ఒక హోటల్ వాళ్లు గదులకు జంపఖానాలు కావాలన్నారు. డబ్బు మాత్రం కంపెనీ ఖాతాకే వేస్తామన్నారు.

"సర్టిఫికెట్ వచ్చిందని సంబరపడకుర్రి, అసలు కథ ఇప్పుడు షురువైతది," అన్నాడు హన్మకొండలోని మా ఆడిటర్. నిజమే. బ్యాంకు ఖాతా లేకపోతే మా వాటా సొమ్ము వేయలేము. అది వేసినట్టు చూపకపోతే వ్యాపారం మొదలుపెట్టామనే ప్రకటన దాఖలు కాదు. ఆ ప్రకటన లేకుండా కంపెనీ పేరు మీద ఒక్క జంపఖానా కూడా అమ్మకూడదు. దానికి ఆరు నెలల గడువు. అమ్మ ఇంటిపేరు ఆధార్‌లో ఒక తీరుగా, పాన్ కార్డులో ఇంకో తీరుగా ఉందని బ్యాంకు వాళ్లు తిప్పడంతోనే గడువు చాలావరకు కరిగిపోయింది. "ఇంట్ల మగోళ్లెవరు లేరా అమ్మా, ఊకె మీరే వస్తున్నరు?" అన్నాడు కౌంటర్‌లో ఆయన. ఆ మాట అన్నప్పుడు ఆయన సమోసా తింటున్నాడు. నాకు అదీ గుర్తుంది.

చివరికి పేర్లు సరిచేయించాము. ఇక బ్యాంకు మనిషి ఇంటికొచ్చి, గోడ మీద కంపెనీ బోర్డు ఫొటో తీసుకుపోతే చాలు. బోర్డు రాయించి తెచ్చాను. ఇల్లు మాత్రం పెద్దబాపుది, అంటే మా నాన్న వాళ్ల అన్నయ్యది.

"మూఢం నడుస్తాంది బిడ్డా," అన్నాడాయన. "మూఢంల ఎవడన్న కొత్త పని మొదలువెడ్తడా? అది పోయినంక మంచి రోజు చూసి నేనే కొడ్త."

"గడువు దాటుతది పెద్దబాపూ."

"సర్కారోల్ల గడువు మన పంతులుకు తెలుస్తదా?"

బోర్డును ఒక పాత జంపఖానాలో చుట్టి మగ్గం వెనక నిలబెట్టాడు. దిష్టి తగలకూడదని గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టాడు. అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. ఆ ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు మాకు లేదు.

బ్యాంకు మనిషి వచ్చిన పూట మేమిద్దరం నూలు కోసం బజారుకు పోయాం. పెద్దబాపు ఒక్కడే ఉన్నాడు. ఇక్కడ కంపెనీ ఉందా అని అతను అడిగితే, "లేదు. ఇంకా మొదలుగాలే. మూఢం పోయినంక రా," అని ఉన్నదున్నట్టు చెప్పి, మంచినీళ్లిచ్చి పంపాడు. అతను గుమ్మడికాయ ఫొటో తీసుకుపోయాడు. ఈ చిరునామాలో కంపెనీ లేదని రాసుకున్నాడు.

బ్యాంకులో ఏడ్చాను. చెప్పడానికి సిగ్గు లేదు. సమోసా ఆయన ముందే ఏడ్చాను. ఇంకొక్కసారి మనిషిని పంపిస్తామన్నారు, అప్పుడూ బోర్డు లేకపోతే దరఖాస్తు మూసేస్తామన్నారు. హోటల్ వాళ్లు అప్పటికే ఫోన్ ఎత్తడం తగ్గించారు.

ఇంటికొచ్చి బోర్డు బయటికి తీశాను. పెద్దబాపు మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు.

"గోడ నాది," అన్నాడు.

"గోడ నీదే. కడుపు మాది," అంది అమ్మ. ఆయన ముందు అమ్మ గొంతెత్తడం నేను అంతకుముందు వినలేదు.

ఆయన మగ్గం పలక లాగి నూలు మీద కొట్టడం మొదలుపెట్టాడు. నేను బయట మేకు కొడుతుంటే లోపల ఆ చప్పుడు పెరుగుతూ పోయింది. సున్నం రాలి కళ్లలో పడింది. మేకు వంగింది. ఇంకోటి తెచ్చి కొట్టాను.

ఈసారి వచ్చిన బ్యాంకు మనిషి బోర్డు ఫొటో తీసుకుపోయాడు, ఖాతా వచ్చింది. వాటా సొమ్ము వేశాం, గడువు లోపలే వ్యాపారం మొదలుపెట్టామని ప్రకటన దాఖలైంది. "కంగ్రాట్స్ అమ్మా, ఇక ఫికర్ లేదు," అన్నాడు ఆడిటర్. ఆ సాయంత్రమే హోటల్ నుంచి ఫోన్ వచ్చింది. ఆలస్యమైందని వాళ్లు మిషన్ మీద చేసిన కార్పెట్లు కొనేసుకున్నారట.

ఫోన్ పెట్టేసేసరికి పెద్దబాపు గడపలో నిలబడి ఉన్నాడు. "చెప్పిన గదా బిడ్డా, మూఢంల మేకు కొట్టద్దని," అన్నాడు. కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. అందుకే దాన్ని మరిచిపోలేకపోతున్నాను.

మూఢం పోయింది. బోర్డు తీసి మంచి రోజున మళ్లీ కొడదామని ఆయన ఇప్పటికీ అంటాడు. నేను తీయనివ్వను. ఆర్డర్ కోసం రోజూ ఎవరో ఒకరికి ఫోన్ చేస్తాను. అవతల వాళ్లు ఆఫీసు ఎక్కడని అడిగితే, కొత్తవాడలో బయట బోర్డు కనబడుతుందని చెబుతాను. ఇంతవరకు ఎవరూ రాలేదు.