స్మైల్ మావయ్యకి సైబర్ బీమా

ఉద్యోగంలో చేరిన మొదటి మూడు నెలలూ అనకాపల్లిలో ఎవర్ని చూసినా నాకు జాలేసేది. బీమా కంపెనీవాళ్ళు పదిరోజులు శిక్షణ ఇచ్చి వదిలారు మరి. కంప్యూటర్ ఉన్న ప్రతి వ్యాపారమూ రేపోమాపో మునిగిపోతుందని, ఒడ్డున పడేసేది మా సైబర్ పాలసీ ఒక్కటేనని మనస్ఫూర్తిగా నమ్మినవాణ్ణి. దొంగలు ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగితే వాటిని రాబట్టే నిపుణుల ఖర్చు, షాపు మూతపడ్డ రోజుల నష్టం, కస్టమర్లు వేసే కేసుల ఖర్చు అన్నీ మేమే చూసుకుంటామని అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకునేవాణ్ణి. (మా అమ్మ తలుపు సందులోంచి చూసి, వీడికేదో గాలి సోకిందని నాన్నతో అందట.) మూడు నెలల్లో ఒక్క పాలసీ అయినా చేయిస్తేనే ఉద్యోగం పర్మనెంటు. రెండున్నర నెలలు గడిచేసరికి నా చేతిలో ఉన్నది గుండుసున్నా. బెల్లం కొట్లన్నీ తిరిగాను. ఒక షావుకారు నా ఉపన్యాసమంతా కళ్ళు మూసుకుని విని, "మా సరుకు జోలికి సీమలు తప్ప ఎవరూ రారు బాబూ. సీమలకేటైనా పాలసీ ఉంటే సెప్పు," అని టీ ఇప్పించి పంపేశాడు.

ఇక మిగిలింది మా మేనమామ. ఆయనది మెయిన్ రోడ్డులో ఫొటో స్టూడియో. అప్పగింతల్లో వెక్కివెక్కి ఏడుస్తున్న పెళ్ళికూతురితో కూడా "స్మైల్ ప్లీజ్" అనడం వల్ల ఊరంతా ఆయన్ని స్మైల్ మావయ్య అనేది. కాబోయే దంపతుల్ని కొండకర్ల ఆవ సరస్సులో దోనెలెక్కించి ఫొటోలు తీయడం మొదలెట్టింది తనేనని ఆయన వాదన. మునగపాక నుంచి నక్కపల్లి దాకా ఎన్ని పెళ్ళిళ్ళో ఆయన కంప్యూటర్లో ఉండేవి. ప్రీమియం ఎంతో చెప్పగానే అదిరిపడ్డాడు.

"ఏటీ! ఒక పెళ్ళికి డ్రోను అద్దె అంతా? కంటికి కనపడని దొంగకోసం అంత పొయ్యాలేటి?"

"పెళ్ళి ఫొటోలు పోతే మళ్ళీ పెళ్ళి చేయించగలవా మావయ్యా?" అన్నాను. శిక్షణలో నేర్పిన మాట కాదు, నా సొంతం. ఆయన గోడమీది పెళ్ళి ఫొటోలకేసి ఓసారి చూశాడు. తర్వాత ఫారం ఇటిమ్మన్నాడు.

నేనప్పటికే ప్రతి మంచి అలవాటుకీ "అవును" అని టిక్కు పెట్టేసి ఉంచాను. పాస్‌వర్డు రహస్యంగా ఉంచుతున్నారా? అవును. (అది క్యాలెండరు పక్కన గోడమీద స్కెచ్‌పెన్నుతో రాసి ఉంది.) ఫైళ్ళ నకలు వేరేచోట దాస్తున్నారా? అవును. అనుమానం వచ్చిన మెయిళ్ళు తెరవకూడదని అందరికీ నేర్పారా? అవును. మావయ్య ఒక్కొక్కటీ నాచేత చదివించుకున్నాడు.

"ఇయన్నీ మనం ఎప్పుడు సేసేంరా?"

"ఫార్మాలిటీ మావయ్యా. అందరూ ఇలాగే పెడతారు." (అబద్ధం రాస్తే రేపు క్లెయిము చెల్లదని శిక్షణలో చెప్పారట. ఆ క్లాసులో నేను కునుకు తీశాను.)

"నా సంతకం పైన అబద్దం ఉండకూడదు. ముందు ఇయన్నీ నిజం సెయ్యి, అప్పుడు పెడతాను సంతకం."

పీకల మీదికొచ్చింది. పాస్‌వర్డు మార్చి, గోడమీదున్నదానికి నా చేత్తో నేనే రంగు పూశాను. స్టూడియో కుర్రాళ్ళందర్నీ కూర్చోబెట్టి మెయిళ్ళ పాఠం చెప్పాను. పెద్ద హార్డ్ డిస్కు ఒకటి కొనిపించి, ఫొటోలన్నీ దానిలోకి ఎక్కించి, రెండు వీధుల అవతలున్న వాళ్ళింట్లో దాచమని అత్తకిచ్చాను. "ఎంతమంది ఆడపిల్లల మంగళసూత్రాలున్నాయిరా ఇందులో!" అని ఆవిడ దానికి కుంకుమబొట్టు పెట్టి దేవుడి గదిలో ఉంచేసింది. అక్కణ్ణుంచి నా పాట్లు మొదలయ్యాయి. సోమవారం పొద్దున తలస్నానం చేసి ఆవిడే తీసి ఇవ్వాలి, కొత్త ఫొటోలు ఎక్కించి దీపం వేళకి మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టాలి. మధ్యలో ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు.

"అత్తా, దాన్ని కంప్యూటర్‌కే తగిలించి ఉంచేస్తే రోజూ దానంతటదే కాపీ అయిపోతుంది. చదువుకున్నవాణ్ణి చెబుతున్నాను," అన్నాను.

"దేవుడి కాడ పెట్టింది ఎక్కడపడితే అక్కడ ఒగ్గేత్తే ఊరుకుంటానేటి? నీ సదువు నీకాడే ఉంచుకో."

మావయ్య సంతకం పెట్టాడు. ఫారం పంపించి, కంపెనీ ఆమోదం కోసం గంటకోసారి మెయిలు చూసుకోవడం నా పనైంది. రెండో సోమవారం కూడా కాపీ తంతు ముగిసింది. మర్నాడు మంగళవారం, పెళ్ళిళ్ళు ఉండవు గనక మావయ్య తీరిగ్గా లెన్సులు తుడుచుకుంటున్నాడు. నేను స్టూడియో కంప్యూటర్లోనే నా మెయిలు తెరిచాను. "మీ పాలసీ మంజూరైంది" అని ఉంది. కింద ఒక ఫైలు. ఆనందంలో పంపినవాడెవడో చూడలేదు. నొక్కాను. తెరుచుకోకపోతే ఇంకోసారి నొక్కాను. (అనుమానం వచ్చిన మెయిళ్ళు తెరవకూడదని ఆ స్టూడియోలో అందరికీ నేర్పింది నేనే. నాకు మాత్రం ఎవరూ నేర్పలేదు.)

అయిదు నిమిషాల్లో తెరమీద ఫొటోలు ఒక్కొక్కటే తెల్లకాగితాల్లా మారిపోయాయి. మధ్యలో డబ్బడుగుతూ ఇంగ్లీషులో ఒక నోటీసు.

"ఏటిరా, పెళ్ళికూతుళ్ళేరీ?" అన్నాడు మావయ్య.

నేనేం చేశానో చెప్పేశాను. ఆయన తిట్టలేదు, కుర్చీలో కూలబడ్డాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. అత్త కబురు అందుకుని, స్నానం చేసి, డిస్కుని పళ్ళెంలో పెట్టుకుని నడిచొచ్చింది. కంప్యూటర్లు బాగుచేసే ఆయన మా మిషన్లో ఉన్నదంతా శుభ్రంగా చెరిపేసి, డిస్కు తగిలించి చూశాడు. అన్ని పెళ్ళిళ్ళూ ఉన్నాయి. "బతికిపోయారు. దీన్ని కంప్యూటర్‌కే తగిలించి ఉంచుంటే దీనికీ తాళం పడిపోయేది," అన్నాడు. అత్త నావైపు చూసింది. డిస్కు తిరిగి పెట్టమన్నట్టు పళ్ళెం ముందుకు చాపింది.

అసలు చిక్కు ఇంకా ఉంది. ఇదివరకు ఇలాంటి దాడి జరిగిందా అన్న ప్రశ్నకి ఫారంలో "లేదు" అని ఉంది. కంపెనీకి ఇంకా ఏమీ తెలీదు. నోరు మూసుకుంటే పాలసీ వచ్చేస్తుంది, నా ఉద్యోగం నిలుస్తుంది. చెబితే ప్రీమియం పెరుగుతుంది, మావయ్య వద్దంటాడు, నేను ఇంటికి. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు వెళ్ళి, "జరిగింది అని మార్చాలి మావయ్యా," అన్నాను. ఆయన తలూపి, "కారణం అన్నకాడ కూడా సరిగ్గా రాయి," అన్నాడు. రాశాను: బీమా కంపెనీ ప్రతినిధి మెయిలు తెరవడం వలన. మా మేనేజరుగారు ఫోన్ చేసి, "ఆ ప్రతినిధి ఎవరు?" అని అడిగారు. నేనేనండి అన్నాను. అవతల చాలాసేపు దగ్గు వినిపించింది.

పెరిగిన ప్రీమియం కాగితం పట్టుకుని తలొంచుకుని వెళ్ళాను. మావయ్య చూశాడు, నిట్టూర్చాడు, చెక్కుబుక్కు తీశాడు.

"ఇంత పెరిగినా తీసుకుంటావా?" అన్నాను, నమ్మలేక.

"స్టూడియోకైతే మీ అత్త సాలు. నువ్వు వత్తా పోతా ఉంటావు గదా, అందుకు."

ఆ మాటకి స్టూడియోలో అందరూ నవ్వారు, నాకు మాత్రం ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఇప్పుడు ఏ షాపు మెట్లెక్కినా ముందు ఈ కథే చెబుతాను. విని నవ్వుతారు, నవ్వాక ఫారంలో నిజాలు రాస్తారు, అందులో బయటపడ్డ లోపాలు సరిచేసుకునేసరికే సగం ప్రమాదం తప్పిపోతుంది. మిగతా సగానికి నేను పాలసీ అమ్ముతాను. ఊళ్ళో అందర్నీ తనే కాపాడాలని బయల్దేరిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. అయినా వాడికున్న నమ్మకంలో పావు వంతు ఇప్పుడు నాకుంటే బాగుణ్ణని కూడా అనిపిస్తుంది.