పటంలో ఉన్న బావి

పోయిన నెలలో మా చిన్నమ్మాయి బెంగుళూరు నుంచి నంద్యాలకు వస్తూ కారు వెనక లావుపాటి టైర్ల సైకిలొకటి కట్టుకొని వచ్చింది. ఆఫీసులో తనతో పనిచేసే మరి ముగ్గురితో కలిసి చలికాలంలో జైసల్మేరు వైపు వెళ్ళి, ఎడారిలో ఒంటెలు నడిచే ఇసుకదారుల్లో వారం రోజులు సైకిలు తొక్కాలని వాళ్ళ ఆలోచనట. అందుకు ఇప్పటినుంచే ఒళ్ళు అలవాటు చేసుకోవాలని, ఏ ఆదివారం ఎంత దూరం, ఎప్పుడు ఘాటెక్కాలి, ఎప్పుడు పొలాల వెంట పోవాలి అని గళ్ళు గీసిన కాగితమొకటి భోజనాల బల్ల మీద పరిచి, ఈ చుట్టుపక్కల బండిబాటలు నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు గనక నాలుగు దారులు గీసిమ్మని పెన్సిలు నా చేతికిచ్చింది. పెన్సిలు పట్టుకున్నాను గాని గీత పడలేదు. కళ్ళజోడు కనిపించడం లేదని చెప్పి లేచి వసారాలోకి వచ్చేశాను. కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉంది. అమ్మాయి కాసేపు చూసి, ఫోనులోనే ఏవో దారులు వెతుక్కుంది.

అచ్చం అలాంటి కాగితమే నేను కూడా ఒకప్పుడు తయారు చేశానని దానికి తెలియదు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరమూ ఎత్తం. నా వయసువాళ్ళు మీరు, డెబ్బయ్యో దశకపు ఎండల్నీ సైకిళ్ళనూ ఎరిగినవాళ్ళు, మీకైతే చెప్పుకోవచ్చుననిపించింది.

అప్పుడు నేను ఆళ్ళగడ్డలో కాలువల ఆఫీసులో ట్రేసరుగా కొత్తగా చేరాను. పటం మీద పల్చటి మైనపుగుడ్డ పరిచి, కిందున్న గీతల్ని నల్లసిరాతో పైకి ఎక్కించడమే నా ఉద్యోగం. వాగులు, డొంకలు, చెరువుకట్టలు, బావులు, ఒకదాని తర్వాత ఒకటి రోజంతా గీస్తూ పోతే, నేనెన్నడూ కాలుపెట్టని ఊళ్ళు కూడా నాకు తెలిసినట్టే ఉండేవి. అమ్మ చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది అక్క. అక్క కాపురం నంద్యాలలో, బావ అక్కడొక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. శనివారం మధ్యాహ్నం ఆఫీసు వదలగానే సైకిలెక్కి, పొద్దుగూకేసరికి నంద్యాల చేరి, ఆదివారం వాళ్ళతో చర్చికి పోయి, ఆ సాయంత్రమే మళ్ళీ ఆళ్ళగడ్డకు తొక్కుకుంటూ వచ్చేసేవాణ్ణి.

బావ అంతకుముందు పటాలంలో ఉండి, డెబ్బై ఒకటి యుద్ధంలో రాజస్థాన్ ఇసుకలో పనిచేసి వచ్చినవాడు. బార్మేరు దగ్గరి పల్లెటూరి మనిషి ఒకాయన అక్కడ బావకు ప్రాణస్నేహితుడయ్యాడు. విడిపోయేటప్పుడు, రైల్లో కాదు, సైకిలు మీద వస్తాను చూడు మీ ఇంటికి అని బావ మాటిచ్చి వచ్చాడట. ఏటా కొత్త సంవత్సరానికి ఆయన దగ్గరినుంచి హిందీలో కార్డు వచ్చేది, ఈ ఏడైనా వస్తున్నావా అని. నేను ఉద్యోగంలో చేరిన ఏడు ఆ కార్డు నా చేతిలో పెట్టి, నవంబరులో మనిద్దరం పోతాండామప్పా అన్నాడు బావ. జోధ్‌పూరు దాకా సైకిళ్ళను రైల్లో వేసుకొనిపోయి, అక్కణ్ణుంచి ఎడారి దారుల్లో తొక్కుకుంటూ బార్మేరు చేరాలని లెక్క.

ఆ నాలుగైదు నెలలూ నా జీవితంలో ఎంత వెలుగుగా ఉండేవో ఇప్పుడు తల్చుకోవాలంటే భయమవుతుంది. కొండదారుల కోసం ప్రత్యేకంగా సైకిళ్ళు చేస్తారన్న సంగతే మాకు తెలియదు. మా పాత సైకిళ్ళకే మడ్‌గార్డులు, చైను మూత పీకించి, ఎత్తు ఎక్కడానికి వీలుగా వెనక పళ్ళు ఎక్కువున్న చక్రం వేయించి, బరువులు మోసే సైకిళ్ళ టైర్లు తొడిగించాం. దారులు నిర్ణయించే పని నాది. ఆఫీసు పటాలు చూసి వారానికొక దారి గీసుకొచ్చేవాణ్ణి. మొదట మహానంది, తర్వాత వెలుగోడు, ఆ తర్వాత రెండు రోజుల దారి అడవి గుండా సున్నిపెంట దాకా. ఇసుకకు అలవాటు పడాలని ఎండిన వక్కిలేటి వాగులో దిగి తొక్కితే, గజం పోకముందే చక్రం దిగబడి పక్కకు పడేవాళ్ళం. బావ లేచి ఇసుక దులుపుకుంటూ నవ్వేవాడు. ఆయన నవ్వుకు అవతల ఒడ్డున మేసే బర్రెలు తలెత్తి చూసేవి. అక్క మాత్రం ఇంటికి రాగానే ఇద్దరి మోకాళ్ళకూ పసుపు అద్దుతూ, ఆ బార్మేరాయన ఇంటికి రైలు లేదా అని అడిగేది.

వేసవి సెలవుల్లో, ఎడారి ఎండకు ఒళ్ళు కాగాలంటే మన ఎండలోనే కాగాలని, పెద్ద దారి ఒకటి వేశాను. ఆళ్ళగడ్డలో బయల్దేరి పడమటికి రేగడి చేలల్లో బండిబాటన పడి, కుందూ నది చేరి, ఏటి ఇసుకలో ఎగువకు తొక్కుకుంటూ సాయంత్రానికి నంద్యాల చేరాలి. ఆళ్ళగడ్డకూ కుందూకూ నడుమ పల్లెలేవీ దారికి దగ్గరగా లేవు గాని, సరిగ్గా సగం దూరంలో ఒక బావి ఉంది. పటంలో చిన్న నీలి సున్నా. మనిషికొక సీసా నీళ్ళు తీసుకుంటే చాలు, బావి దగ్గర మళ్ళీ నింపుకోవచ్చని రాశాను. ముందురోజు బావ వచ్చి నా గదిలో ఆ కాగితం చూసి, ఒకసారి పొయ్యి బావి చూసొద్దామప్పా అన్నాడు.

"సర్కారు పటం బావా అది" అన్నాను. "దాంట్లో ఉండేది యాడికి పోతాది?"

ఆ మాట అన్నప్పుడు నాకెంత గర్వంగా ఉండిందో ఇప్పటికీ గుర్తు. ఆ సర్వే మేము పుట్టకముందు చేసినదని పటం మూలన రాసే ఉంది. రోజూ ఆ అక్షరాల్ని కూడా గీసేవాణ్ణి.

మరునాడు పది గంటలకు బయల్దేరాం. కావాలనే ఎండ ముదిరాక. వానల్లేక రేగడి నెల్లాళ్ళ నుంచి బీటలు వారి ఉంది. బీటల్లో చక్రాలు ఇరుక్కుంటే తొక్కినదానికంటే తోసిందే ఎక్కువ. గంటలో పోవలసిన దూరం మూడు గంటలైంది. సీసాలు సగానికి పైగా ఖాళీ అయ్యాక, పటంలో చెప్పినచోటనే బావి కనిపించింది. గట్టు రాళ్ళు లోపలికి కూలిపోయి, మధ్యలోంచి తుమ్మచెట్టు మొలిచి పైకి వచ్చింది. ఆ చెట్టు వయసే ఇరవై ఏళ్ళు ఉంటుంది.

నాకు ఏడుపు వచ్చింది. బావ నా భుజం మీద చెయ్యేసి, "ఉండాది కదప్పా బావి. నీ పటం అబద్ధం చెప్పలే. నీళ్ళే లేవు" అన్నాడు. తన సీసాలో మిగిలినవి నా చేత తాగించాడు. నేను తాగాను. చిన్నవాణ్ణి గనక నాకే ఇవ్వడం న్యాయమన్నట్టు తాగేశాను.

వెనక్కి పోవడమా ముందుకు పోవడమా అని ఆలోచించి, కుందూలో మడుగులుంటాయి గదా అని ముందుకే కదిలాం. గంట గడిచాక వెనక నుంచి బావ ఏదో మాట్లాడుతుంటే తిరిగి చూశాను. హిందీలో మాట్లాడుతున్నాడు. నన్ను ఆ బార్మేరు స్నేహితుడనుకొని, బండి ఎక్కడాగిందని అడుగుతున్నాడు. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంటే పెనం మీద పెట్టినట్టుంది. ఒంటి మీద ఒక్క చెమట చుక్క లేదు. ఆయన్ని అక్కడే ఒక తుమ్మచెట్టు కింద, నీడ అనదగ్గ నీడ కూడా లేనిచోట పడుకోబెట్టి, దూరంగా కనిపిస్తున్న కొట్టాల వైపు సైకిలు కూడా వదిలేసి పరుగెత్తాను.

కొట్టం ముందు కూర్చున్న ముసలమ్మ నా వాలకం చూసి కడవెత్తుకొని లేచింది. కొడుకును కేకేసి బండి కట్టించింది. దారిలో బండి మీద ఆమె నన్నడిగిన మాట ఒక్కటే. "ఇంత ఎండలో యాడికి పోతాండారప్పా, ఏం పని మీద?" మేము చేరేసరికి బావ కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూపు లేదు. ఆమె తన కొంగు తడిపి ఆయన ఎదమీద, తలమీద కప్పి, కడవ కడవంతా పోసింది.

నంద్యాల ఆసుపత్రిలో నాలుగో రోజున బావకు తెలివి వచ్చింది. ప్రాణం నిలిచిందని అక్క మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. అయితే నాలుక మందమై మాట ముద్దగా వస్తోంది. లేచి నిలబడబోతే తాగినవాడిలా తూలిపోయాడు. వడదెబ్బకు మెదడులో నిలకడనిచ్చే భాగం దెబ్బతిన్నదని, కొంచెం మెరుగుపడవచ్చు గాని పూర్తిగా రాదని డాక్టరు చెప్పాడు.

ఆ సాయంత్రం అక్క మంచం పక్కన కూర్చొని, "ఆ దోవన పొమ్మని ఎవురు చెప్పిరి?" అని అడిగింది. నేను మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాను. బావ గోడవైపు చూస్తూ, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ అన్నాడు, "నేనే... నేనే పోదామంటి." నేను నోరు తెరవలేదు. ఆరోజు తెరవనిది ఆ తర్వాత తెరవడం ఇంకా కష్టమైంది.

బావ ఎనిమిదేళ్ళు బతికాడు. విజిల్ ఊదలేని డ్రిల్లు మాస్టరును బడివాళ్ళు దయతలిచి కొన్నాళ్ళు ఆటసామాన్ల గదిలో కూర్చోబెట్టారు. పిల్లలు తన నడకను అనుకరించడం చూసి తనే మానుకున్నాడు. అక్క కుట్టుపని నేర్చుకొని సంసారం లాగింది. నేను శనివారాలు ఒక్కటీ మానలేదు, నాకు పెళ్ళయ్యాక కూడా. ఆదివారం చర్చి అయ్యాక ఆయన చెయ్యి నా మెడచుట్టూ వేయించుకొని కుందూ ఒడ్డుదాకా నడిపించుకొని పోయేవాణ్ణి. ఏటి ఇసుకకేసి చూస్తూ కూర్చునేవాడు. బావి మాట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఒక్క తిట్టు తిట్టి ఉంటే నాకు తేలికయ్యేదేమో.

ఏటా బార్మేరు కార్డు వస్తూనే ఉండేది. బావ చెబుతుంటే నాకొచ్చిన హిందీలో నేనే జవాబు రాసేవాణ్ణి. స్కూల్లో పని ఎక్కువగా ఉంది, ఈ ఏడు వీలుపడదు, వచ్చే ఏడు తప్పకుండా. అసలు సంగతి రాయనిచ్చేవాడు కాదు. ఎనిమిది జవాబులు రాశాను. ఎనభయ్యో దశకం చివర్లో ఒక వానాకాలం జ్వరమొచ్చి బావ పోయాక, తొమ్మిదో ఉత్తరంలో జరిగిందంతా, బావితో సహా రాసి పంపాను. దానికి జవాబు రాలేదు. కార్డులూ మళ్ళీ రాలేదు.

అక్కకు మాత్రం చెప్పడానికి నాకు ముప్పై ఏళ్ళు పైగా పట్టింది. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాక ఒక పగటిపూట ఆమె వాకిట్లో కూర్చొని వేరుశనగ బుడ్డలు ఒలుస్తుంటే, పక్కన కూర్చొని అంతా చెప్పేశాను. చేతిలో పని ఆపకుండానే విని, "తెల్సులేప్పా" అంది. "ఆస్పత్రిలోనే తెల్సు. అబద్ధం చెప్పేటప్పుడు మీ బావ నా మొగం జూడడు."

మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదన్నాను.

"అడిగితే నువ్వు శనివారాలు రావడం నిలిపేస్తావని."

ఒలిచిన గింజలు చాటలో పోసి, లేచి లోపలికి పోయింది.

అక్క పోయి నాలుగేళ్ళయింది. మొన్న చలికాలంలో ఒక పెళ్ళికి పోతూ ఆ పడమటి పొలాల గుండా కారులో వెళ్ళాను. బండిబాట మీద తారు పడింది. రేగడి చేలల్లో బోర్లు పడ్డాయి, పైపులు పరిచారు, కనుచూపు మేర వరిమళ్ళు నీళ్ళతో నిండి ఉన్నాయి. బావి ఉన్నచోటు పోల్చుకుందామని కారాపించి దిగి చాలాసేపు నిలబడ్డాను. ఏ గట్టూ గుర్తుపట్టలేకపోయాను. కొట్టాలున్న దిక్కున మిద్దెలు లేచాయి. ఆ ముసలమ్మ పేరు ఆరోజు నేను అడగలేదు, ఇప్పుడు ఎవర్నని అడిగేది. ఆ మధ్యాహ్నం సంగతి తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నా తప్పు తెలిసీ నన్ను దగ్గరికి తీసుకున్నవాళ్ళు లేరు, నన్ను తప్పుపట్టవలసినవాళ్ళూ ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.