రగ్గులో చుట్టిన దుబాయి కంప్యూటర్

కాగజ్‌నగర్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో ముందుగా చెప్పగలిగినవాడు దొరికితే నేను వాడికి గుడి కట్టిస్తాను. నా టైపు ఇన్‌స్టిట్యూట్ గోడ మీద "కంప్యూటర్ కూడా నేర్పబడును" అని రాయించినప్పుడు ఈ సంగతి మరిచాను. తర్వాత తెలిసింది, బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్ ఒక్కటే నాకు దిక్కని.

తొంభైల నడిమి రోజులవి. మా జిల్లాలో అది దొరకదు, హైదరాబాద్‌లో ధర వింటే కళ్లు తిరిగాయి. మా మేనబావ రాజన్న ఏడేళ్లుగా దుబాయిలో ఒక ఆఫీసు ఊడుస్తున్నాడు. ఆయనకు ఉత్తరం రాశాను. ఆ ఆఫీసువాళ్లు పాత మిషన్లు తీసేస్తుంటే ఒకటి కొని, బొంబాయిలో దిగి సుంకం కట్టి, ఖానాపూర్ దగ్గరి సొంతూరికి తెచ్చి, వచ్చి తీసుకుపొమ్మని కబురంపాడు.

గురువారం క్లాసు మొదలు. పేర్లు రాయించుకున్న పద్నాలుగు మంది ఆడపిల్లలు ఆ రోజు మిషన్ కనపడకపోతే బజారులో కొత్తగా వెలసిన ఇంకో ఇన్‌స్టిట్యూట్‌కు పోతారు. ఉత్త టైపు కోసం వచ్చేవాళ్లు అప్పటికే కరువయ్యారు. అంటే నేను షట్టరు దించుకోవలసిందే.

మంగళవారం పొద్దున ఆరూ నలభైకి రావలసిన ప్యాసింజరు ఏడున్నరకు వచ్చింది. మంచిర్యాలకు టికెట్ పదకొండు రూపాయలు. ఎదురు సీట్లో సిరిసిల్ల తువ్వాళ్లు అమ్ముకునే ఒకామె మూట మీద కాళ్లు చాపుకొని కూర్చుంది.

"ఏడికి చెల్లె?" అంది. కంప్యూటర్ తేవడానికన్నాను.

"కరెంటు లేక మా సాంచలే బందైతున్నయ్, నువ్వింకో మిషన్ తెస్తున్నవా?" అంది. సాంచలంటే మరమగ్గాలు. ఇది బ్యాటరీదని చెప్పాను. "అట్లనా. బ్యాటరీ సాంచ గిట్ట దొరికితె మాకు జెప్పు" అని మూట మీదే నిద్రపోయింది.

మంచిర్యాల బస్టాండులో పూరీ తిన్నాను. కూర వేడిగా ఉంది, అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు. తొమ్మిదీ ముప్పావుకు ఖానాపూర్ బస్సు. మీరెవరైనా ఈ దారిన వెళితే కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు, జన్నారం దాటాక అడవి కనిపిస్తుంది. ఇప్పపూల కాలం కావడంతో బస్సంతా ఆ వాసనే. నా పక్కాయన దగ్గర మాత్రం పూల వాసన కాదు, వాటితో కాచిన దాని వాసన.

ఒంటిగంటకు ఖానాపూర్‌లో దిగి, జీపులో పద్దెనిమిదో మనిషిగా వేలాడి, రెండింటికి ఊరు చేరాను. మొదటి ఇంటి అరుగు మీద ఒక ముసలాయన కూర్చున్నాడు. కళ్లద్దాలకు దారం కట్టి ఉంది.

"ఎవలింటికి? ఎవల బిడ్డవు? ఏం పని మీద?" అని వరసగా అడిగాడు.

ప్రయాణపు చిరాకు ఆయన మీద చూపించాను. "అన్ని అడుగుతున్నరు, భూముల లెక్కల పహాణీల రాసుకుంటరా తాతా?"

"ఇప్పుడు రాస్తలేను బిడ్డా. తీసేసిన్రు" అన్నాడు, కోపం లేకుండా.

రాజన్న బావ ఇంట్లో దుబాయి ఖర్జూరాలు, కోడికూర అయ్యాక మిషన్ బయటికొచ్చింది. పులి బొమ్మ రగ్గులో చుట్టి, నైలాను తాడుతో కట్టి, ముడి మీద ముడి వేశాడు. విప్పడానికి పావుగంట పట్టింది.

"బొంబాయిల ఇదేందని అడిగిన్రు. టైపు మిషన్ అన్న" అన్నాడు బావ. "అబద్ధం గాదు గద?"

మూత తెరిచి మీట నొక్కాను. తెర వెలిగింది. తెర మీద ఉన్నదంతా కుడి నుంచి ఎడమకు రాసిన అరబ్బీ. మీటల మీద ఇంగ్లీషు పక్కన అరబ్బీ అక్షరాలు కూడా ఉన్నాయి కాబట్టి టైపు ఎట్లాగో ఇంగ్లీషులో కొట్టుకోవచ్చు. ఆజ్ఞలన్నీ మాత్రం అరబ్బీలోనే.

"బావా, ఇది ఇంగ్లీషు కాదు, అరబ్బీ."

"కాదా?" బావ తెరలోకి వంగి చూశాడు. "నాకు తెలుగొక్కటే వస్తది సరోజా. మిగిలినయి ఏడేండ్ల సంది ఒక్కతీరుగనే కనవడుతున్నయ్."

ఆయనను ఏమనగలను? రగ్గు మళ్లీ మడతపెట్టడం మొదలుపెట్టాను. అప్పుడు అక్క, అంటే బావ భార్య, వంటింట్లోంచి అంది: "పట్వారి తాతను పిలువరాదు? గాయన సదువంత ఉర్దూలనే గద. ఉర్దూకు అరబ్బీకి లిపి ఒక్కటే గాదా?"

పట్వారి తాత, అంటే ఒకప్పుడు ఊరి భూముల లెక్కలు రాసినాయన, ఎవరో మీరు ఊహించే ఉంటారు: ఆ అరుగు మీది ముసలాయనే. పిలవడానికి నేనే పోవలసి వచ్చింది. అరుగు ముందు నిలబడి తల వంచుకొని చెప్పాను. కిషన్ రావు తాత చెప్పులేసుకున్నాడు, అంతే. ఒక్క మాట దెప్పలేదు. నాకు అప్పుడు నిజంగా సిగ్గేసింది.

ఆయన తెరకు జానెడు దూరంలో ముక్కు పెట్టి, పాత దస్తావేజు చదివినట్టే వేలు జరుపుతూ చదివాడు. "అరబ్బీ నాకు రాదు. కని మాటలు మనయే. గిది జదీద్, కొత్తది. గిది తహరీర్, అంటె రాత, దిద్దుడు. హిఫ్జ్... హిఫాజత్ లేదా? భద్రం జేసుడు. గిది తబాఅత్, అచ్చు."

కొత్తది, దిద్దడం, భద్రపరచడం, అచ్చు. హైదరాబాద్‌లో పది రోజులు నేర్చుకున్న పాఠం మొత్తం ఆయన చాయ చల్లారేలోపు చెప్పేశాడు. నేను ఒక్కొక్కటి నొక్కి చూశాను. ఒక్కటీ తప్పు పోలేదు.

"తాతా, నాతోటి కాగజ్‌నగర్ వస్తరా? ఒక్క వారం."

"జీతమేందో?"

"అన్నం, చాయ."

"పట్వారిగిరిల గుడ గంతకన్న ఎక్కువ రాలే" అన్నాడు. అది పచ్చి అబద్ధమని అక్క నవ్వు చెప్పింది.

బుధవారం ఎనిమిదింటికి బయలుదేరాం. దుబాయి ప్లగ్గు పళ్లు మన బొక్కల్లో దూరవు. తెప్పించుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోండి. ఖానాపూర్ రేడియో షాపులో ప్లగ్గు మార్పించి, అక్కడే గంటసేపు ఛార్జింగు పెట్టించాను. బస్సులో కండక్టరు రగ్గు మూటను టాపు మీద వేయమన్నాడు. "దుబాయికెల్లి నా ఒళ్లె కూసోనీకి అచ్చింది, నీ టాపు ఎక్కనీకి గాదు" అన్నాడు తాత. మంచిర్యాల దాకా దాన్ని ఒడిలోంచి దించలేదు.

గురువారం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. పద్నాలుగు మందిలో పన్నెండు మంది వచ్చారు, వచ్చినవాళ్లెవరూ ఇంకో చోటికి పోలేదు. ఆజ్ఞల అర్థాలు తాత చెబుతుంటే నేను తెలుగులో చీటీలు రాసి తెర అంచుకు అంటించాను. ఆ పిల్లలు ఇప్పటికీ భద్రపరచడాన్ని హిఫ్జ్ అనే అంటారట.

కానీ నాకు గుర్తుండిపోయింది బుధవారం సాయంత్రపు రైలు. బెల్లంపల్లి దాటాక తాత మెల్లగా అడిగాడు, "ఒకసారి తెరువరాదు బిడ్డా?" తెరిచి ఇచ్చాను. ఒక్క వేలితో వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు. కుడివైపు నుంచి అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని వచ్చాయి. కిషన్ రావు. తర్వాత ఇంకేదో వెతికాడు, మీటలన్నీ రెండుసార్లు చూశాడు.

"పట్వారి అని రాద్దామంటె 'పే' అక్షరం లేదు. అరబ్బులకు లేదట్టుంది." మీటల మీంచి వేలు తీసి అన్నాడు: "సర్కారోళ్లు కొలువు తీసేసిన్రు, వీళ్లు అక్షరమే తీసేసిన్రు. పోనీ. నలభై ఏండ్లాయె, నా పేరు గిట్ల రాసుకోక. రాస్తె సదివెటోడు లేడు."

హిఫ్జ్ ఎక్కడుందో నేను చూపించలేదు. తనే వెతికి నొక్కాడు. అంతలో తెర నల్లబడింది. నేను ఏరి కోరి తెప్పించిన బ్యాటరీ బలం అంతే. తాత బెదిరి నా వైపు చూశాడు.

"పాయెనా?"

"పోలే తాతా. మీరు భద్రం జేసిన్రు గద."

ఆయన మూత మూసి, రగ్గు చుట్టి, బావ వేసినట్టే ముడి మీద ముడి వేశాడు.