గైరాను అవ్వ, గిర్దావర్ సారు

దశరథం సారు మనుషులకు నమస్కారం పెట్టేవాడు కాదు, రాళ్లకు పెట్టేవాడు. బోధన్ తాలూకాలో భూములూ హద్దులూ చూసే గిర్దావర్ ఆయన. ఆయన గుమాస్తాను నేను. చాలా ఏళ్లు పక్కపక్కనే సైకిళ్లు తొక్కాం కాబట్టి ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. తహశీల్దారు ఎదురైతే తల గోక్కునేవాడు. హద్దురాయి ఎదురైతే చెప్పులు విడిచేవాడు.

అప్పట్లో నిజాంసాగర్ నీళ్లు పారిన చోటల్లా చెరుకే. నీళ్లెక్కని ఎత్తున మాత్రం గైరాను ఉండేది, అంటే ఊరుమ్మడి మేత భూమి. మేత పేరుకే. ముళ్లూ, గరుకు గడ్డీ, ఎర్రమట్టీ. అందరూ ఎడారి అనేవారు. మేకలు కాసుకుని బతికే ఈరవ్వకు మాత్రం అదే అన్నం గిన్నె.

సారు ఆ గైరాను రాళ్లకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బెల్లంముక్క పెట్టేవాడు. తర్వాత రాయికి చెవి ఆనించి, "అవ్వా, కాళ్లు నొస్తున్నయా?" అని అడిగేవాడు. అడిగి ఊరుకుంటే బాగుండు, జవాబు కూడా వినేవాడు. మిట్టమధ్యాహ్నం, గాలి ఆగిపోయి, చుట్టూ చెరుకాకు కూడా కదలదు. ఈయన మాత్రం "ఊఁ, ఊఁ" అని తలూపుతుంటాడు. మండుటెండలో నాకు చలి పుట్టేది. ఒకసారి అవ్వ నా క్షేమం అడిగిందన్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

చూసి చూసి జనమూ మొక్కడం మొదలుపెట్టారు. సర్కారు పాతిన రాయికి పిల్లల కోసం ముడుపు కట్టిన ఘనత మా తాలూకాదే.

గైరానుకు ఆనుకునే బాపురావు పటేలు ఇల్లూ, చెరుకుతోటా. దున్నినప్పుడల్లా ఆయన నాగలి కాస్త గైరానులోకి జరిగేది. ఒక ఏడు ఏకంగా హద్దురాయినే పెరికి గైరాను లోపలికి పాతించాడు. సారు వచ్చి, రాయికి చెవి ఆనించి చాలాసేపు విని, పటేలు దగ్గరికెళ్లి నెమ్మదిగా చెప్పాడు.

"పటేలా, అవ్వకు తొవ్వ తప్పిందట. మీ ఇంటికే వస్తనంటున్నది."

పటేలు పగలబడి నవ్వాడు. తెల్లారి తలుపు తీస్తే గడప ముందు రాయి. ఆ నవ్వు ఎటు పోయిందో మరి. తానే డప్పులు పెట్టించి అవ్వను పాతచోట దిగబెట్టి వచ్చాడు.

కొన్నేళ్లకు సారు జ్వరంతో పోయాడు. సంతాపసభలో పెద్దలు ఎడారిని కాపాడిన అధికారి అని పొగిడారు. సభకు దండ తెచ్చిన బాపురావే వారం తిరక్కుండా రాయి పెరికించి ట్రాక్టరు మాట్లాడుకున్నాడు. మేకలు ఇక మట్టి తినాల్నా అంటూ ఈరవ్వ నా ముందు కూలబడింది.

ట్రాక్టరు రావాల్సిన పొద్దున, రాయి మళ్లీ పటేలు గడప ముందుంది. పసుపు ఇంకా తడిగా ఉంది. పటేలు చెంపలేసుకుని ట్రాక్టరును వచ్చిన దారినే పంపించేశాడు. ఆయన భార్య రుక్మాబాయి నన్ను పెరట్లోకి పిలిచింది. ఈరవ్వ అక్కడే ఉంది.

"మొదటిసారి రాయిని గోనెపట్టా మీద గుంజుకొచ్చింది నేనూ ఈరవ్వే. నా బిడ్డ ఈమె మేకపాలతోనే బతికింది," అంది రుక్మాబాయి. "సారే చెప్పిండు. కేసు పెడితే పటేలు పరువు పోతది, కోర్టు తేలేలోపు మేకలు సస్తయి, రాయి ఇంటికొస్తే మొక్కి పంపుతడు, ఎవ్వరికీ దెబ్బ తగలదు అన్నడు."

ఇన్నేళ్లూ ఆ మంచితనాన్నే పిచ్చి అనుకున్నాను.

"ఈసారి గూడ మంచిపని చేసిండ్రు," అన్నాను.

"ఈసారి నేను కాదు. ఈరవ్వ అనుకున్న."

"నేను రుక్మక్క అనుకున్న," అంది ఈరవ్వ.

ఇద్దరూ నావైపు చూశారు. నేను వాకిట్లోకి వెళ్లి చూశాను. దుమ్ములో గోనెపట్టా ఈడ్చిన జాడ లేదు.

గైరాను అలాగే ఉంది. ఈరవ్వ మేకలు మేస్తున్నాయి. బెల్లంముక్క ఇప్పుడు బాపురావే పెడుతున్నాడు. నేనూ అటు పోయినప్పుడల్లా చెప్పులు విడిచి, "అవ్వా, మా సారు బాగున్నడా?" అని అడుగుతాను. జవాబు వినడానికి మాత్రం ఆగను. చెప్పులు చేతపట్టుకుని సైకిలెక్కేస్తాను.