కొట్టేయని పాత వరుస

తెనాలిలో ఆ కంటాసుపత్రి చీటీల గదిలో శాలేమురాజు గారికి ఒక పట్టింపు ఉండేది. రోగి ఇల్లు మారితే పాత చిరునామా కొట్టేసేవారు కాదు, దాని కిందే కొత్తది రాసేవారు. ఆయన రిజిస్టరులో అడ్డగీత పడిందంటే ఆ మనిషి పోయినట్టే. అందుకే కొందరికి మూడేసి, నాలుగేసి వరుసలు. రోగిని పరీక్షకు రమ్మని కార్డు రాసేటప్పుడు మాత్రం ఆయన కన్ను నేరుగా అడుగు వరుస మీదే వాలేది.

2006లో ఆ రిజిస్టర్లను కంప్యూటరెక్కించడానికి వాజిద్ వచ్చాడు. బాపట్లలో డిగ్రీ మధ్యలో వదిలేసి, పట్టికల్లోంచి వివరాలు తీసే ఎస్‌క్యూఎల్ అనే కంప్యూటరు భాష ఆరు నెలలు నేర్చుకున్నవాడు. కుదురుగా కూర్చోలేడు, నోటికొచ్చింది మింగలేడు.

పేర్లు ఒక పట్టికలో, చిరునామాలు ఇంకో పట్టికలో పెట్టాడు. రెండూ కలిపి జాయిన్ చేసేసరికి నాలుగు చిరునామాలున్నవాడు జాబితాలో నాలుగుసార్లు పడ్డాడు.

"ఇదేంటయ్యా, నాగూర్‌బీకి రెండు కార్డులా?" అన్నారు డాక్టరమ్మ. "మనిషికి ఒక్క వరుసే రావాలి. నీటికాసులు, అదే గ్లాకోమా, చూసే డాక్టరు హైదరాబాదు నుంచి వచ్చేది పై సోమవారం ఒక్కరోజే. రేపటికల్లా కార్డులు పోస్టులో పడాలి."

శాలేమురాజు గారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "వాజిదూ, అడుగుది తియ్యి. పైది పాతది."

"మీ పట్టింపులు మెషీన్‌కి తెలీవండి రాజుగారూ. మనిషికొకటి అడిగారు, మనిషికొకటి ఇస్తున్నా."

"మెషీన్‌కి తెలీదు సరే. నీకు ఇప్పుడు తెలిసింది కదా?"

వాజిద్ నవ్వేశాడు. రిజిస్టరులో పైనుంచి కిందికి నంబర్లు వేసి ఎక్కించిన వరుసల్లో, ఒక్కో మనిషికి చిన్న నంబరుది తెమ్మని 'మిన్' అని రాశాడు. పేరుకొక్కటే పడింది. ఆ పడిందల్లా పై వరుస. టీకి వెళ్లిపోయాడు.

నాగూర్‌బీకి పైన ఉన్నది బాపట్లలో ఖాళీ చేసిన అద్దె ఇల్లు. కింద ఉన్నది రేపల్లెలో కూతురు ఫిర్దోస్ ఇల్లు. కార్డు బాపట్ల వెళ్లింది.

మూడు నెలల తర్వాత ఆమె రేపల్లె పాసింజరు దిగి, కూతురి భుజం పట్టుకుని వచ్చింది. కుడికన్ను అప్పటికే ఆరిపోయింది. ఇక చేసేదేమీ లేదన్నారు డాక్టరమ్మ.

"కార్డు రాకుండా వస్తే కసురుతారేమోనని ఆగానమ్మా," అంటోంది నాగూర్‌బీ.

ఆ మాట చీటీల గదిలోకి వినబడింది. వాజిద్ 'మిన్' తీసి, పెద్ద నంబరుది తెమ్మని 'మ్యాక్స్' పెట్టాడు. అరనిమిషం కూడా పట్టలేదు. నాగూర్‌బీ పేరు పక్కన రేపల్లె అని పడింది. లేచి బయట నాగూర్‌బీ కూర్చున్న బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఖాలా, తప్పు నాది. మీ పాత చిరునామా తీశాను."

ఆమె అతని గొంతు వైపు తిరిగింది. "అదెట్లా బేటా? రేపల్లె అని చెప్తే రాజుగారు నా ముందే రాసుకున్నారే. నీకు చూపించలేదా?"

లోపల శాలేమురాజు గారు రిజిస్టరులోంచి తలెత్తలేదు. చూపించలేదని వాజిద్ అనేస్తే సరిపోయేది, ఆయన కాదనేవారు కూడా కాదు.

"చూపించారు," అన్నాడు వాజిద్.

"చూపిస్తే మరి?" అంది ఫిర్దోస్.



ఎక్కడా ఏడాది నిలవని వాజిద్ ఆ గదిలో నాలుగేళ్లున్నాడు. కార్డులు అచ్చయిన ప్రతిసారీ రిజిస్టరు తెరిపించేవాడు. రాజుగారు అడుగు వరుస చదివేవారు, వాజిద్ కార్డు మీదిది చదివి టిక్కు పెట్టేవాడు. నాగూర్‌బీ పేరు వచ్చినప్పుడు ఇద్దరూ గొంతు తగ్గించేవారు.